చైను బిగువు

1974 ఏప్రిల్‌లో ఒక పాల సంఘం వారి మూసాపేట వర్క్‌షాపులో ఫోర్‌మన్‌గా చేరాను. పాల లారీలు, ఒక జీపు, స్టాక్‌మ్యాన్లకిచ్చిన మోటార్‌సైకిళ్ళు నా అజమాయిషీలో ఉండేవి. స్టాక్‌మ్యాన్ అంటే సంఘానికి పాలు పోసేవాళ్ళ గేదెలకు టీకాలు వేసి, చిన్నాచితకా వైద్యం చేసే ఉద్యోగి. పనిలో అతనికి పై అధికారి పశువుల డాక్టరు గారు. బండి విషయంలో మాత్రం నా మాటే చెల్లేది.

ఇప్పుడు అద్దాల మేడలు నిలిచిన కొత్తగూడ, మాదాపూర్ వైపు అప్పుడు రాళ్ళగుట్టలు, వాటి మధ్య ఎడ్లబండ్ల బాటలు, అక్కడక్కడా గేదెల కొట్టాలు ఉండేవి. ఆ వైపు స్టాక్‌మ్యాన్ యాదగిరి. కొండాపూర్ మనిషి. అతని బండికి వెనక మంచుగడ్డలు నింపిన పెద్ద డబ్బా కట్టేవారు. గొంతువాపు టీకా మందు అందులో ఉండేది. మంచు కరిగిపోతే మందు పనికిరాదు. వానలు పడకముందే ఆ టీకా పడాలి, పడకపోతే గేదెలు దక్కవు.

నేను అంతకుముందు కృష్ణా జిల్లాలో ఒక రైసుమిల్లు ఇంజను చూసేవాణ్ణి. మిల్లులో బెల్టు వదులైతే జారిపోతుంది, మర ఆగిపోతుంది. అందుకని బెల్టును ఎప్పుడూ బిర్రుగా ఉంచేవాళ్ళం. ఆ అలవాటునే నేను మోటార్‌సైకిలు చైనుకు తెచ్చి అంటించాను. ప్రతి సోమవారం తనిఖీకి బళ్ళన్నిటినీ మెయిన్ స్టాండు మీద వరసగా నిలబెట్టించి, ఇనుప చువ్వతో చైను కింది వైపును పైకెత్తి చూసేవాణ్ణి. కాస్త ఎక్కువగా లేచిందా, మెకానిక్కుకి చీవాట్లు. చైను వీణతీగలా ఉంటే భుజం తట్టేవాణ్ణి. ఎవరి బండికైనా చైను మూడుసార్లు తెగితే బండి వెనక్కి తీసుకుని సైకిలు ఇవ్వాలన్న నియమమూ నేను పెట్టిందే. సైకిలు మీద ఆ గుట్టలు తిరగడం కుదరదు కనక, ఆ మనిషిని పాల కేంద్రంలో క్యాన్లు కడిగే పనిలో వేసేవారు.

జూన్ మొదటికి యాదగిరి చైను రెండుసార్లు తెగింది. పిలిచి గట్టిగా మందలించాను.

"నేనేం జేస్తి సార్? ఉత్తగ పోతే ఏం గాదు. డబ్బ గట్టి, ఎనక మనిషిని ఎక్కించుకుంటెనే తెగుతది," అన్నాడు.

"డబ్బాకేం తెలుసయ్యా చైను సంగతి? నువ్వు క్లచ్చి ఒక్కసారిగా వదిలేస్తావు. అంతే," అన్నాను.

అతను బండి నడిపే తీరులోనే తప్పుందని నిరూపించాలని మరునాడు టీకాలకు వెళుతుంటే నేనే వెనక ఎక్కాను. దారి పొడుగునా అతని ఎడమచెయ్యి మీదే నా కన్ను. క్లచ్చి మెత్తగా వదులుతున్నాడు, గేరు వేళకు మారుస్తున్నాడు. తప్పు దొరకలేదు. కొత్తగూడ ఇంకా కనుచూపు దూరంలో ఉందనగా బండి ఒక రాతిపట్టె మీంచి దిగి కుదిపింది. టప్పుమని శబ్దం. చైను తెగి బాట మీద పడింది.

యాదగిరి దిగి చైను చేతిలోకి తీసుకున్నాడు. "మూడోది గూడ అయింది సార్. రేపట్సంది సైకిలేనా?" అన్నాడు. అందులో వెటకారం లేదు, నిజంగానే అడిగాడు.

ఎండలో బండి తోసుకుంటూ ఊరి మొదట్లో, సంఘానికి పాలు పోసే మల్లమ్మ కొట్టం చేరాం. ఆమె గేదెల్ని కట్టేసి పొద్దుట్నించీ మా కోసం చూస్తోంది.

"ఏందిర యాదగిరీ, బండి నిన్ను మోస్తదనుకుంటే నువ్వే బండిని మోస్తున్నవ్? గీ పెద్దమనిషెవరు, నూకనీకె తెచ్చుకున్నవా?"

"జర మెల్లగ అక్కా. మా ఫోర్మన్ సాబ్."

"అయితే ఇంక మంచిగ నూకుతడు తియ్యి."

డబ్బా తెరిస్తే మంచు నీళ్ళయిపోయింది. ఆనాటి మందు వృథా. నేను కొట్టం నీడలో కూర్చుని, సంచిలో ఉన్న, చైను కొసల్ని కలిపే కనెక్టింగ్ లింకుతో చైను అతికించాను. స్టాండు మీద చూస్తే నాకిష్టమైనట్టే బిర్రుగా ఉంది, పైకీ కిందికీ వేలి మందం ఆట మాత్రమే ఉంది. బండి స్టాండు దించి, ఎలా ఉందో చూద్దామని యాదగిరిని ఎక్కమన్నాను. ఆ కాస్త ఆటా సగమైంది. దిగమన్నాను. మళ్ళీ వచ్చింది. మళ్ళీ ఎక్కమన్నాను.

"ఏంది సార్, గుర్రం కొంటున్నరా, గట్ల ఎక్కిచ్చి దింపుతున్నరు?" అంది మల్లమ్మ.

వెనక కూడా ఒకరు కూర్చోవాలన్నాను. "నేను గూసుంట. తెగితే మాత్రం నన్ననొద్దు," అని నవ్వుతూ ఎక్కింది. నేను మోకాళ్ళ మీద కూర్చుని చైను కింద వేలు పెట్టాను. కదల్లేదు. ఇనుపకడ్డీలా బిగుసుకుపోయింది.

సంగతి అప్పుడు అర్థమైంది. మిల్లులో రెండు చక్రాలూ నేలకు బిగించి ఉంటాయి, వాటి మధ్య దూరం మారదు. మోటార్‌సైకిలు వెనక చక్రం అలా కాదు. బరువు పడితే అది పైకి కదులుతుంది, గేరుబాక్సు పళ్ళచక్రానికీ వెనక పళ్ళచక్రానికీ మధ్య దూరం పెరుగుతుంది. ఖాళీ బండి మీద ఆట మిగలకుండా బిగిస్తే, బరువెక్కి గుంటలో పడగానే చైను తెగడం తప్ప ఇంకో దారి లేదు. వెనక పళ్ళచక్రం దగ్గర చైను పట్టి లాగి చూశాను. పంటిలో సగం బయటపడేంతగా వచ్చింది. పళ్ళు అరిగి కొక్కేల్లా వంగి ఉన్నాయి. తెగినప్పుడల్లా కొత్త చైను వేయించాను గాని, పొదుపు పేరుతో పళ్ళచక్రాలు మార్పించలేదు. అరిగిన పళ్ళ మీద కొత్త చైను కూడా త్వరలోనే పాడవుతుంది. ఇది పుస్తకంలో చదివాను, చదివీ చెయ్యలేదు.

అక్కడే చైను వదులుచేసి బండి మీద వెనక్కి వచ్చాం. సాయంత్రం డాక్టరు గారికి చెప్పాను. "తప్పు యాదగిరిది కాదండీ, నాది. మూడుసార్లూ నాదే."

"తప్పెవరిదో తర్వాత చూద్దామండీ. మిగిలిన మందు రేపే వెయ్యాలి. వానలకు ముందు మళ్ళీ రాదు. బండి వెళుతుందా, వెళ్ళదా?"

"వెళుతుందండీ."

"ఆగితే?"

"ఆగితే ఆ సైకిలేదో నాకే ఇవ్వండి."

బండి బాగుచేసే పని మెకానిక్కుకు వదలకుండా నేనే చేశాను. స్టోరులో దాచిన పళ్ళచక్రాలు రెండూ బయటికి తీశాను. యాదగిరి వెనక బ్రేకు తొక్కిపట్టి ఉండగా గేరుబాక్సు పళ్ళచక్రం నట్టు విప్పి, కొత్తది ఎక్కించి, నట్టు వదులు కాకుండా లాక్ వాషర్ అంచు దాని మీదికి మడిచాను. వెనకది మార్చాను. కొత్త చైనును వేడిచేసిన గ్రీజులో ముంచి, ఆరబెట్టి, తుడిచి వేశాను. లింకు క్లిప్పు మూసి ఉన్న కొన చైను నడిచే దిక్కుకు ఉండాలి, లేకపోతే రాయి తగిలి ఊడుతుంది. చక్రాలు రెండూ ఒకే గీతలో ఉన్నాయో లేదో దారం కట్టి చూశాను. ఆఖరున డబ్బా కట్టించి, యాదగిరి వెనక డాక్టరు గారినే కూర్చోమన్నాను. ఆయన పంచె సర్దుకుని కూర్చున్నారు. ఆ బరువు మీద కూడా వేలితో ఎత్తితే చైను ఆడేటట్టు బిగించాను. వాళ్ళు దిగాక చైను వేలాడుతోంది. ఆ వేలాడే చైనును చూసి నా మెకానిక్కు పానా అందుకోబోయాడు. సోమవారమైతే అతనికి చీవాట్లే.

మర్నాడు నేను మళ్ళీ వెనక ఎక్కాను. డాక్టరు గారు జీపులో మా వెనకే బయల్దేరారు. నిన్న ఆగిన రాతిపట్టె దగ్గర యాదగిరి వెనక్కి తిరిగి, "పట్టుకోండి సార్," అన్నాడు. బండి దిగింది, కుదిపింది, సాగిపోయింది. కొత్తగూడ అయింది. మాదాపూర్ వైపు గుట్టలెక్కాం. డాక్టరు గారి జీపు ఒక బండరాయి దగ్గర ఆగిపోతే, ఆయన దాన్ని అక్కడే వదిలి మా వెనక నడిచి వచ్చారు. ఆఖరి గేదెకు టీకా వేసి డబ్బా తెరిస్తే అడుగున ఇంకా మంచు మిగిలి ఉంది. యాదగిరి ఒక ముక్క నోట్లో వేసుకుని, ఇంకోటి నా చేతిలో పెట్టాడు.

తిరుగుదారిలో మల్లమ్మ బాట మీదికి వచ్చింది. "ఇయ్యాల నూకుడు లేదా సార్?"

"లేదమ్మా."

"అప్పుడప్పుడు జర నూకుండ్రి, లేకుంటె అలవాటు తప్పుతది!"

ఆ ఏడు వానలకు యాదగిరి తిరిగే ఊళ్ళలో గొంతువాపుతో ఒక్క గేదె కూడా పోలేదు. బండి అతని దగ్గరే ఉండిపోయింది. సోమవారం తనిఖీలో అందరి ముందూ అతనికి క్షమాపణ చెప్పి, మూడుసార్ల నియమం ఎత్తేశాను. "ఇగ ఇడిసిపెట్టుండ్రి సార్," అని అతను బండి స్టార్టు చేసుకుని డ్యూటీకి వెళ్ళిపోయాడు.

చైను బిగువును ఖాళీ బండి మీద తేల్చకూడదు, అది మోసే బరువంతా ఎక్కించి చూడాలి. చైను మారిస్తే పళ్ళచక్రాలు రెండూ మార్చాలి. చైను తెగితే ముందు బిగించినవాణ్ణి అడగాలి, తర్వాత నడిపినవాణ్ణి. ఆ తర్వాత నేను పనిచేసిన ప్రతి వర్క్‌షాపులోనూ తనిఖీకి ముందు బండి మీద మనుషుల్ని ఎక్కించాను. చూసి నవ్వినవాళ్ళున్నారు. నా దగ్గర చైను బిగించుకుని వెళ్ళి, దారిలో బండి తోసుకుంటూ వచ్చినవాళ్ళు మాత్రం లేరు.