తెరిచిన చెయ్యే మూయాలి

మా అమ్మమ్మ ఉండగా మావాళ్ళ బేకరీకి బట్టీ దండగ. ఆవిడకు కోపం వచ్చినప్పుడు పిండిముద్దలు తెచ్చి ఎదురుగా పెడితే చాలు, బన్నులు రెండువైపులా ఎర్రగా కాలతాయి.

ఆ బేకరీ పెట్టింది అమ్మమ్మ వాళ్ళ నాన్న. ఆయన అన్న మాటలు మా ఇంట్లో ఇంకా చెలామణిలో ఉన్నాయి. 'పొంగిన పిండిని పొగడకు, కాలాక చూడు' అనేవాడట. కొత్త అల్లుడి దగ్గర్నుంచి నా పరీక్ష మార్కుల దాకా అన్నిటికీ అదే వాడేశారు. 'తెరిచిన చెయ్యే మూయాలి' అన్నది మాత్రం ఎవరి నోట విన్నా అమ్మమ్మ లేచి వెళ్ళిపోయేది. ఎందుకో మొన్న తెలిసింది.

మొన్న ఆవిడ తమ్ముడు, అంటే మా చిన్నతాతయ్య, బేకరీలో కొత్త బట్టీ కట్టించి అందరినీ పిలిచాడు. దాని ఇనపతలుపు మీద చెయ్యేసి, మైకులో గొంతు బొంగురు చేసుకుని మొదలెట్టాడు.

"చిన్నప్పుడు మా నాన్న నా తల నిమిరి చెప్పాడు, తెరిచిన చెయ్యే మూయాలిరా అని. ఆ మాటే నన్నింతవాణ్ణి చేసింది."

ముందు వరసలోంచి అమ్మమ్మ లేచింది.

"నీ తల నిమిరాడా? నా తల బొప్పి కట్టేలా మొట్టుతూ అన్న మాటరా అది! బట్టీ తలుపు తెరిచిపెట్టి ఆటకు పోయింది నువ్వు. వేడంతా పోయి బన్నులు పచ్చిగా ఉండిపోతే, అక్కే తెరిచిందని వేలు చూపించింది నువ్వు. ఆ రోజు నుంచి నాన్న నన్ను బట్టీ దగ్గరికి రానిచ్చాడా? బన్నులు లోపలికి తోసే తెడ్డు నీ చేతికిచ్చాడు, చుట్టే కాగితాలు నా మొహాన కొట్టాడు. జుట్టు నెరిసేదాకా కాగితాలే మడిచాను!"

"అక్కా, అందరూ ఉన్నారే..."

"అప్పుడూ అందరూ ఉన్నారు!"

చిన్నతాతయ్య మొహం మైదాపిండిలా పాలిపోయింది. "నిజమే. తెరిచింది నేనే," అన్నాడు మైకులో.

జనం చప్పట్లు కొట్టారు. ఎంత పెద్దమనసు, ఎంత నిజాయితీ అని మెచ్చుకున్నారు, ఆయన్ని! ఒళ్ళు మండదూ? నింద మోసింది ఒకరు, మెప్పు ఇంకొకరికి. అమ్మమ్మ వంక చూసినవాడు ఒక్కడూ లేడు.

ఆవిడ మాత్రం కూర్చోలేదు. కొంగు బిగించి బట్టీవైపు నడుస్తుంటే ఎదురెళ్ళాను.

"ఒప్పుకున్నాడుగా అమ్మమ్మా, ఇంకేం కావాలి నీకు?"

"బట్టీ కావాలి. అడ్డు లే."