మైకు పిన్ని చూడని జలపాతం

ఓడ వచ్చిన రోజున ఆ ద్వీపంలో అందరికంటే ముందు తయారయ్యేది మైకు పిన్ని. పర్యాటకుల వ్యానులో డ్రైవరు పక్క సీట్లో వెనక్కి తిరిగి కూర్చుని, మైకు పట్టుకుని, దారి పొడుగునా కనబడేదల్లా చెప్పుకుంటూ పోవడం ఆవిడ ఉద్యోగం. పెళ్లైన కొత్తలో మొదలుపెట్టింది. కొడుకు పుట్టాడు, కోడలొచ్చింది, జుట్టు నెరిసింది, మైకు మాత్రం చేతిలోంచి దిగలేదు. మైకు లేకపోయినా ఆవిడ గొంతు వీధి చివరిదాకా వినబడుతుందని డ్రైవర్లు వేళాకోళం చేసేవారు. మీ హారన్ల కంటే నయమే కదరా అనేది ఆవిడ.

రేవు దాటాక మిరియాల తోటలు, లైట్‌హౌసు, నల్లరాళ్ల తీరం. ఆ తర్వాత కొండ మలుపు దగ్గర వ్యాను ఆపించేది. అక్కడ కనబడేది కొండ ఒక్కటే. "దీని వెనకాల జలపాతం ఉంది. మూడు మెట్లుగా దిగి నీలి కొలనులో పడుతుంది. ఇక్కణ్ణుంచి కనబడదు. కళ్లు మూసుకుంటే వినబడుతుంది" అనేది. వ్యానులో వాళ్లంతా బుద్ధిగా కళ్లు మూసుకునేవారు. వినబడిందని తలలూపే మహానుభావులు కూడా ఉండేవారు.

నిజానికి ఆ మాటలు ఆవిడ సొంతం కాదు. అంతకుముందు ఆ సీట్లో కూర్చున్న అక్క మొగుడు నేర్పినవి. కొండ వెనక్కి దారి లేదు. "నువ్వు చూశావా బావా" అని ఒకసారి అడిగింది. "చూడకుండా చెప్తానా" అన్నాడు. బావ పోయి చాలా కాలమైంది, మాటలు మాత్రం వ్యానులో తిరుగుతూనే ఉన్నాయి.

అలాగే సాగిపోయేదేమో, రేవు పక్కన హెలికాప్టర్ షెడ్డు వెలవకపోతే. ఓడలో వచ్చినవాళ్లలో సగం మంది పొద్దున గాల్లో, సగం మంది నేలమీద. భోజనాలయ్యాక వీళ్లూ వాళ్లూ మారతారు. అలా మారి వచ్చిన ఒక పెద్దాయన కొండ మలుపు దగ్గర కళ్లు మూసుకోలేదు. "పొద్దున పైనుంచి చూశాం కదమ్మా, కొలనేం లేదే" అన్నాడు, ఏ కల్మషమూ లేకుండానే. వ్యానంతా నవ్వింది. ఆవిడా నవ్వేసింది. ఆ రోజు ఇంటికి వెళ్లాక మాత్రం కంచం ముందు కూర్చుని జరిగిందంతా కొడుక్కి చెప్పుకుంది.

"ఏముందో ఆయన్నే అడిగి అదే చెప్పెయ్యకూడదూ" అన్నాడు కొడుకు.

"అప్పుడు బావ చెప్పింది, ఇప్పుడు ఆయన చెప్పింది. నేను చూసిందేది?"

అమ్మ పట్టు పడితే ఎలా ఉంటుందో కొడుక్కి చిన్నప్పట్నుంచీ తెలుసు.

ఇంతలో ఆఫీసు నుంచి కబురొచ్చింది. ఆవిడ గొంతు రికార్డు చేసి అన్ని వ్యానుల్లోనూ పెడతారట. "మీ గొంతంటే అందరికీ ఇష్టం పిన్నీ. ఇక మీరు ఎండలో పడి తిరగక్కర్లేదు, హాయిగా ఇంట్లో ఉండొచ్చు" అన్నాడు మేనేజరు. ఎంత తియ్యగా చెప్పినా, ఉద్యోగం పోతోందని అర్థం కాకపోవడానికి ఆవిడేం చిన్నపిల్ల కాదు. కానీ నోట్లోంచి వచ్చింది వేరే మాట.

"జలపాతం చూశాకే చెప్తాను."

"ఇన్నేళ్లూ చెప్తూనే ఉన్నారుగా."

"నోటితో అన్నది గాలికి పోయింది బాబూ. ఇదలా కాదు, నేను పోయాక కూడా నా గొంతుతో వాగుతూనే ఉంటుంది. చూడకుండా చెప్పను."

మేనేజరు తల గోక్కున్నాడు. ఈ సీజన్లో ఆఖరి ఓడ వెళ్లేదాకా గడువిచ్చాడు. ఆలోపు కాకపోతే వేరే గొంతు చూసుకుంటానన్నాడు.

హెలికాప్టర్లో సీటు మిగిలితే పనివాళ్లు ఎక్కొచ్చు. కాకపోతే ఎక్కేవాళ్లందరి బరువూ కలిపి ఒక హద్దు దాటకూడదు. షెడ్డులో తూకం దగ్గర నిలబడేది ఎవరనుకున్నారు, సాక్షాత్తూ ఆవిడ కోడలే. ఇంట్లో అత్తగారి మాటకు ఎదురు చెప్పని పిల్ల, కాటా పక్కన మాత్రం పోలీసు.

సీటు మిగిలిన మొదటిసారి పిన్ని దర్జాగా కాటా ఎక్కింది. కోడలు ముల్లు వంక చూసి, "దిగండి అత్తయ్యా" అంది. పిన్ని చేతిసంచీ పక్కన పెట్టింది, చెప్పులు విడిచింది, గాజులు కూడా తీసింది. కోడలు మళ్లీ అదే మాట. అత్తగారి పరువు క్యూలో అందరి ముందూ కాటా మీదే కరిగిపోయింది. బరువు మాత్రం కరగలేదు.

ఆ మర్నాటినుంచి పిన్ని రేవుదాకా నడక మొదలుపెట్టింది. రెండోసారి వడ్డించుకోవడం మానేసింది. కోడలి మీద అలిగి కాదు. "అది అడ్డం చెప్పిందంటే పైకెళ్లినవాళ్లు క్షేమంగా దిగుతారన్నమాట" అని ఆవిడే ఇరుగుపొరుగుకు చెప్పింది.

ఆఖరి ఓడ వచ్చింది. హెలికాప్టర్ ఎక్కడానికి నిలబడ్డది బక్కపలచటి దంపతులు, వాళ్ల కూతురు, ఒక పెద్దమనిషి. రెక్కలు తిరగడం చూసి పెద్దమనిషి రెండడుగులు వెనక్కి వేసి, ఓడకి వెళ్లిపోతానన్నాడు. కోడలు కూడింది, మళ్లీ కూడింది. "ఎక్కండి అత్తయ్యా" అంది మెల్లిగా.

నేల వదిలేసరికి పిన్ని సీటు అంచు గట్టిగా పట్టుకుంది. అయినా కళ్లు మూసుకోలేదు. ఇన్నేళ్లూ జనం చేత మూయించింది చాలనుకుంది. కొండ కొన దాటింది, జలపాతం ఎదురైంది. మెట్లు లేవు. ఒకే ఒక్క ధార, అంచు దాటి దూకి, సగం దారిలోనే పొగలా చెదిరిపోతోంది. నేల దాకా నీళ్లే రావడం లేదు. కింద కొలనూ లేదు, తడిసిన చెట్లు, అంతే. బావ చెప్పినదానికంటే ఎంతో బాగుంది. అందుకే ఆవిడకి బావ మీద ఒళ్లు మండిపోయింది. తన మీద ఇంకా ఎక్కువ.

తిన్నగా రికార్డింగు గదికే వెళ్లింది. తోటలు, లైట్‌హౌసు, తీరం గుక్క తిప్పుకోకుండా చెప్పేసింది. కొండ మలుపు రాగానే మైకు దగ్గరికి లాక్కుంది.

"ఈ కొండ వెనకాల జలపాతం ఉంది. ఒకే ధార. నేల తాకకుండానే గాల్లో కలిసిపోతుంది. నేను చూశాను. మూడు మెట్లు, నీలి కొలను అని ఇదివరకు చూడకుండా చెప్పాను. తప్పు నాది. క్షమించండి."

మేనేజరు గాజు తలుపు తోసుకుని లోపలికొచ్చాడు. "జలపాతం ముక్క బాగుంది పిన్నీ. ఆ క్షమాపణ తీసేద్దాం. కొత్తగా వచ్చేవాళ్లకి అదెందుకు? ఎవరడిగారు మిమ్మల్ని?"

"అడగాల్సినవాళ్లంతా ఓడలెక్కి వెళ్లిపోయారు బాబూ" అంది పిన్ని. "వాళ్ల ఊళ్లల్లో వాళ్లు ఇప్పటికీ ఆ కొలను గురించి చెప్పుకుంటూ ఉంటారు. వాళ్లను నేనెక్కడ వెతకను? ఎవరో ఒకరు మళ్లీ వస్తారేమో. ఆ క్షమాపణ ఉంటేనే నా గొంతు ఉంచు."