మా కోడలు కంప్యూటర్ జ్వరం దించిన వైనం

మా కోడలికి మెల్లగా మాట్లాడటం రాదు, మెల్లగా నడవటం రాదు. వంటింట్లో అడుగుపెట్టిందంటే గిన్నెలన్నీ తలో దిక్కు. ఈ మాట నేను అంటే చెల్లుతుంది, ఇంకెవరైనా అంటే మాత్రం ఊరుకోను. పునాది కూడా తీయని భవనాన్ని గోడలతో, కిటికీలతో, ఆ కిటికీల్లోంచి పడే ఎండతో సహా కంప్యూటర్లో కట్టి, లోపలంతా తిప్పి చూపించగల మనిషి ఆమె. అలాంటి కోడలు ఎంతమందికి ఉందో చెప్పండి!

పెళ్లికి ముందు నుంచీ ఒక పెద్ద ఆఫీసులో ఇదే పని చేసేది. గీతలన్నీ ఈమెవి, కింద పేరు మాత్రం పెద్దసారుది. ఒకరోజు ఇంటికొచ్చి చెప్పులు ఓ మూలకు విసిరేసి, "మానేశాను అత్తయ్యా" అంది. "మంచిపని చేశావు, రా, అన్నం తిందువుగాని" అన్నాను. అంతకన్నా అడగడానికి ఏముంది? మా అబ్బాయి ఉద్యోగం మీద ఊళ్లు తిరిగే మనిషి. ఫోన్లో చెబితే వాడూ అదే అన్నాడు.

అలా మా ముందుగది ఆమె ఆఫీసు అయింది. మా ఆయన బస్సుల మెకానిక్‌గా పనిచేసి రిటైరయ్యాడు, చేతులు ఊరికే ఉండవు. కోడలి కంప్యూటర్ మీద దుమ్ము పడకూడదని తలుపులతో సహా ఒక చెక్క బీరువా తయారుచేసి, దాన్ని అందులో పెట్టి, తలుపు మూసి మురిసిపోయాడు.

ఆ రోజుల్లోనే పిల్లల ఆసుపత్రిలో కొత్త వార్డు కడతారని, ఎలా ఉండాలో డిజైన్లు పంపమని ప్రకటన వచ్చింది. కోడలు వెళ్లి పాత వార్డంతా చూసొచ్చింది. "మంచం మీద పడుకున్న పిల్లకి గోడ తప్ప ఏమీ కనపడట్లేదు అత్తయ్యా. కిటికీలు కిందికి దించేస్తాను" అంది. దించింది కూడా. పడుకున్న పిల్ల తల తిప్పితే చాలు, బయట చెట్టు, నడిచే మనుషులు కనిపించేలా గీసింది. ఆ వార్డంతా తిరిగినట్టు ఒక వీడియో చేసి శుక్రవారం మధ్యాహ్నంలోగా ఇవ్వాలి. తన పేరుతో బయటికి వెళ్లే మొదటి పని అది. అది అందకపోతే మళ్లీ ఆ పెద్దసారు గుమ్మమే గతి.

బుధవారం పొద్దున వీడియో మొదలుపెట్టిందో లేదో, కంప్యూటర్ టపీమని ఆరిపోయింది. మళ్లీ పెట్టింది, మళ్లీ ఆరిపోయింది.

"కరెంటేమో చూడమ్మా" అన్నాడు మా ఆయన.

"కరెంటు కాదు మామయ్యా, దీనికి జ్వరం" అంటూ ఇంకోసారి ఆన్ చేసి, తెర మూలన ఒక అంకె చూపించింది. లెక్కలన్నీ చేసేది ప్రాసెసర్ అనే చిన్న బిళ్లట. అది ఎంత వేడెక్కిందో ఆ అంకె చెబుతుంది. ఊరికే ఉన్నప్పుడు నలభై డిగ్రీల చుట్టుపక్కల ఉంటుంది. వీడియోలాంటి చాకిరీ చేయిస్తే డెబ్బై, ఎనభై దాకా పోయినా కంగారు లేదు. వంద దగ్గరికి వస్తే మాత్రం ముందు నెమ్మదిస్తుంది, అయినా తగ్గకపోతే కాలిపోకుండా తనంతట తనే ఆరిపోతుంది.

"లోపల ఫ్యాన్ తిరుగుతోందిగా!"

"తిరుగుతోంది. బీరువాలో ఉన్న వేడిగాలినే మళ్లీ మళ్లీ పీలుస్తోంది."

మా ఆయన ముఖం చిన్నబోయింది. కోడలు కంప్యూటర్ పెట్టెను బీరువాలోంచి బయటికి లాగి, గోడకు జానెడు ఎడంగా బల్లమీద పెట్టింది. ముందు నుంచి చల్లగాలి లోపలికి రావాలి, వెనక నుంచి వేడిగాలి బయటికి పోవాలి, రెండువైపులా దారి ఉండాలంది. వైరు పీకేసి పక్కరేకు తీస్తే లోపలంతా దుమ్మే. ఫ్యాన్ రెక్కను వేలితో ఆపి పట్టుకుని బ్రష్షుతో దులిపింది. అంకె కొంత దిగింది గాని వీడియోకు చాల్లేదు. ప్రాసెసర్ మీది చిన్న ఫ్యాన్ అరిగిపోయి గరగరమంటోంది. సాయంత్రం పెద్దది, ప్రాసెసర్ వేడిని పైకి లాక్కునే లోహపు రేకులు వరసగా ఉన్నది కొనుక్కొచ్చింది.

గురువారం పొద్దున ఆమె ఆసుపత్రిలో కొలతలు సరిచూసుకోవడానికి వెళ్లింది. వచ్చేసరికి మా ఆయన దాన్ని బిగించేశాడు. "ఇంజన్లు దించి ఎక్కించినవాణ్ణి, ఇదో లెక్కా!" అని మీసం తిప్పాడు. తీరా చూస్తే అంకె ఇదివరకటి కంటే తొందరగా వంద ఎక్కి కూర్చుంది.

రిపేరు అతన్ని పిలిచాం. పాపం చూసినంత చూశాడు. "కొత్త ఫ్యాన్‌తో కూడా ఇలా ఉందంటే ప్రాసెసరే పోయుంటుందమ్మా, మార్చాల్సిందే. సరుకు రావడానికి సోమవారం అవుతుంది" అనేసి వెళ్లిపోయాడు.

కోడలు కింద కూలబడింది. ఆ గొంతు అంత మెల్లగా రావడం నేనెప్పుడూ వినలేదు. "పెద్దసారుకి ఫోన్ చేస్తే వాళ్ల మెషిన్ల మీద చేసిస్తారు అత్తయ్యా. కింద పేరు ఆయనదే వేసుకుంటారు. పిల్లలకి కిటికీలన్నా దక్కుతాయి."

నాకు ఒళ్లు మండిపోయింది. "ఆ ఫోన్ ముట్టుకున్నావంటే చూడు! చేతులు కాళ్లు బాగానే ఉన్నాయిగా, లేచి ఇంకోసారి చూడు" అని కసిరాను.

ముక్కు తుడుచుకుని లేచింది. మిషన్ ఆన్ చేసి, అంకె వందకు చేరుతుండగా ఆ లోహపు రేకుల మీద వేలు ఆనించింది. తీసేసి మళ్లీ ఆనించింది. "అత్తయ్యా, ఇలా రండి, పట్టుకోండి."

పట్టుకున్నాను. చల్లగా ఉన్నాయి.

"కింద పొయ్యి భగ్గున మండుతుంటే పైన పెనం చల్లగా ఉంటుందా? ప్రాసెసర్ బాగానే ఉంది. దాని వేడి రేకుల దాకా రావట్లేదంతే. మధ్యలో ఏదో అడ్డుంది!"

మిషన్ ఆపి, ఆ కొత్త ఫ్యాన్‌ని రేకులతో సహా ఊడదీసి తిరగేసింది. అడుగున నున్నటి రాగిముఖం, దాని మీద పల్చటి ప్లాస్టిక్ పొర. వేడిని అందించడానికి పూసే పేస్టంతా ఆ పొర మీదే ఉంది.

నేను మా ఆయన వైపు చూశాను. మా ఇంట్లో టీవీ రిమోట్ ఇప్పటికీ కవర్లోనే ఉంటుంది. ఫ్రిజ్ తలుపు మీది ప్లాస్టిక్ పీకబోతే ఇంట్లో యుద్ధమే. "కొత్త వస్తువు కదా, గీతలు పడతాయని ఉంచాను" అన్నాడు నేల చూపులు చూస్తూ. ఇక చూడండి, నా నోటికి పని తగిలింది. కానీ కోడలు నన్ను సాగనిస్తేగా! పకపకా నవ్వి, "మామయ్యా, స్క్రూలు మాత్రం ఏం బిగించారండీ, ఊడదీయలేక చచ్చాను. మళ్లీ మీరే బిగించాలి" అంది. పొర పీకి, పాత పేస్టు తుడిచి, బఠాణీ గింజంత కొత్తది పెట్టింది. ఆయన బిగించాడు.

అంకె డెబ్బై రెండు దగ్గర నిలబడింది. ముగ్గురం పనులు మానేసి దాన్నే చూస్తూ కూర్చున్నాం. మర్నాడు పొద్దున లేచేసరికి వీడియో తయారు. కోడలు తనే తీసుకెళ్లి ఇచ్చి వచ్చింది.

కొన్ని వారాల తర్వాత ఫోన్ మోగితే నేనే ఎత్తాను. కోడలు బజారుకు వెళ్లింది. ఆసుపత్రి నుంచి ఎవరో అబ్బాయి.

"సారున్నారా అండీ? పిల్లల వార్డుకి సారు పంపిన డిజైన్ ఖాయమైంది."

"సారెవరూ లేరు బాబూ. అది చేసింది మా కోడలు."

"అయ్యో, సారీ అండీ. శిలాఫలకం మీద వేయడానికి మేడం పూర్తి పేరు కావాలి. ఇంటిపేరు మీదేగా?"

మా ఆయన పక్కనే నిలబడి ఔనన్నట్టు తల ఊపుతున్నాడు. మా ఇంటిపేరు రాతి మీద చూసుకోవాలని నాకు మాత్రం ఉండదా? కానీ ఆ గీతలు ఆమె మా గడప తొక్కాక నేర్చుకున్నవి కావు.

"కాదు, రాసుకో" అని, ఆమె పుట్టింటి పేరుతో మొదలుపెట్టి ఒక్కో అక్షరం విడమరిచి చెప్పాను. రాసుకున్నది అతని చేత ఒకసారి చదివించుకుని, అప్పుడు ఫోన్ పెట్టేశాను.