ఇత్తడి మీద చేతిరాత

మా పెద్దత్త పోయింది. పోయిన నెల ఒక మధ్యాహ్నం, ఆవడిలో నేను పాఠాలు చెప్పే బడిలో క్యారియర్ విప్పుతుండగా తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్కా, పెద్దత్త పొయ్యినాది. అన్నం తినేసి ఒరిగినాది, అట్లే నిద్దర్లోనే," అన్నాడు. వాడి వెనకాల పట్టర చప్పుడు వినబడలేదు. తిరువళ్ళూరులో మా పాత్రల కార్ఖానాను మేమంతా పట్టర అనే అంటాం. పని ఉన్న రోజున ఆ షెడ్డు మూగబోవడం నాకు తెలిసి ఎప్పుడూ లేదు. ఆ నిశ్శబ్దం చెవిన పడ్డాకే నాకు ఏడుపు వచ్చింది.

మీకెవరికీ ఆమె తెలియదు. కానీ మీది తిరువళ్ళూరు, తిరుత్తణి వైపు అయితే ఆమె చేతిరాత మీకు తెలిసే ఉంటుంది. ఇంట్లో అటక మీద పాత ఇత్తడి బిందె ఉంటే ఒకసారి దించి చూడండి. మెడ కింద ఉలితో చుక్కలు చుక్కలుగా కొట్టిన పేరుంటుంది. అక్షరాలు కొంచెం కుడికి వాలి, తలకట్లు మరీ పొడుగ్గా ఉంటే అది మా పెద్దత్త రాత.

ఈ పని మొదలుపెట్టింది మా తాత, తిరుత్తణిలో. కొండకు పాలకావడి మోసే భక్తుల కోసం చిన్న చిన్న ఇత్తడి చెంబులు చేసి మెట్ల దగ్గర అమ్మేవాడు. గిరాకీ పెరిగాక, మద్రాసుకు సరుకు పంపడం సులువని తిరువళ్ళూరు వచ్చి, రైలు కట్ట పక్కన రేకుల షెడ్డు వేశాడు. బిందెలు, కాగులు, పెండ్లి వంటలకు పెద్ద పెద్ద అండాలు చేసేవారు. పెండ్లికి కొన్న పాత్రను పేరు కొట్టించకుండా ఎవరూ ఇంటికి తీసుకుపోయేవారు కాదు. ఎవరికి ఇచ్చినది, ఎవరు ఇచ్చినది, రెండూ దాని మీద ఉండాలి.

పెద్దత్త మా నాన్నకు అక్క. పెండ్లయిన ఏడాదికే ఆమె భర్త జ్వరమొచ్చి పోయాడు. పుట్టింటికి తిరిగి వచ్చి, పట్టర వెనక గదిలో వంట చేస్తూ ఉండేది. ఒక పెండ్లిళ్ళ కాలంలో పేర్లు కొట్టే పనివాడు చెప్పకుండా మద్రాసు వెళ్ళిపోయాడు. ముహూర్తాలు దగ్గర పడ్డాయి, పాత్రలు గోడవారన గుట్టగా పడి ఉన్నాయి. తాత తల పట్టుకుని కూర్చుంటే, పెద్దత్త చేతులు కడుక్కుని వచ్చి ఉలి తీసుకుంది. అంతకు ముందు ఆమె పలక మీద తప్ప దేని మీదా రాసింది లేదు.

ఆ తర్వాత జరిగింది ఆమె నాకు చాలాసార్లు చెప్పింది. తిరుత్తణి దగ్గరి పల్లె నుంచి ఒక పెద్ద రైతు కూతురి పెండ్లి పాత్రలు తీసుకుపోవడానికి బండి కట్టుకుని వచ్చాడు. పేర్లు చూసి సంతోషపడి, ఎవరు కొట్టారని అడిగాడు. తాత దాచలేదు.

"మా పాప."

"మొగుడు పొయ్యి వొచ్చిందే, ఆ పాపనా? పెండ్లి పాత్ర మీద ఆ చేత్తోనా పేరు కొట్టించేది? వేరే పాత్రలియ్యి. వేరే మనిషిని పెట్టి కొట్టియ్యి."

మా తాత వచ్చినవాళ్ళ ముందు ఎప్పుడూ గొంతు పెంచని మనిషి. పెద్దత్త తలుపు చాటున నిలబడి ఉంది. తాత నెమ్మదిగా అన్నాడట: "అయ్యా, మా పాప పేరు కొట్టకుండా ఈ పట్టర నించి ఇంక పాత్ర పోదు. వొద్దంటే మీ ఇష్టం."

రైతు ఖాళీ బండితోనే వెళ్ళిపోయాడు. ఆ మాట ఊళ్ళలో పాకి, ఆ ఏడు చాలా ఇండ్లవాళ్ళు మా వైపు రాలేదు. "నాయన బండి మలుపు తిరిగేదాకా వాకిట్లోనే నిలబడినాడు. అప్పుడు లోపలికొచ్చి, మిగిలినవి కూడా కొట్టేయి పాపా అన్న్యాడు. అంతే," అనేది పెద్దత్త. ఆమె అంతకు మించి ఆయన్ను పొగడగా నేను వినలేదు.

కొన్నేళ్ళకు ఆ రైతు భార్యే రెండో కూతురి పెండ్లికి వచ్చింది. పెద్దత్త ఎదుట చాప మీద కూర్చుని, "పెద్దదానికి వేరే తావున కొట్టిస్తిమి. కోడి గెలికినట్ల ఉండాది. దీనికన్నా నువ్వు కొట్టమ్మా," అని అడిగింది. పెద్దత్త పేరు అడిగి, ఉలి అందుకుంది.

నాకు తెలుగు అక్షరాలు నేర్పింది కూడా ఆ పాత్రలే. చిన్నప్పుడు నేను చదివిన బడిలో చెప్పేది తమిళం. సాయంత్రం పట్టరకు పోతే పెద్దత్త నా వేలు పట్టుకుని కొట్టిన పేరు మీద నడిపించేది. పెండ్లి విందుకు పోయినా నీళ్ళ లోటా ఎత్తి, అడుగున ఎవరి పేరుందో చూసి, అప్పుడు తాగేది. పక్కవాళ్ళు నవ్వినా పట్టించుకునేది కాదు.

తర్వాత ఎవర్‌సిల్వర్, అదే స్టీలు, వచ్చింది. చింతపండు పెట్టి తోమక్కరలేదు, లోపల తగరంతో కళాయి పూయించక్కరలేదు. జనం పాత ఇత్తడి తెచ్చి ఇచ్చి, బదులుగా తెల్లగా మెరిసే గిన్నెలు తీసుకుపోవడం మొదలుపెట్టారు. మా తాత కూడా పట్టరలో ఎవర్‌సిల్వర్ రేకు దించాడు. తను చేసిన బిందెలే తిరిగి వస్తే వాటిని కొలిమిలో వేయడం చూడలేక ఆ పూట బయటికి వెళ్ళిపోయేవాడు.

కొలిమి దగ్గర నిలబడింది పెద్దత్తే. కరిగించే ముందు ప్రతి పాత్ర మీది పేరూ పైకి చదివేది. ఒకరోజు మణవాళనగర్ నుంచి ఒకామె తల్లి బిందె తెచ్చింది. పెద్దత్త "మరియమ్మ" అని చదవగానే ఆమె ముఖం పక్కకు తిప్పుకుంది. పెద్దత్త బిందెను పక్కన పెట్టి, రేకు కత్తెర తీసుకుని, పేరు చుట్టూ అరచేయంత ముక్క కత్తిరించింది. అంచులు గీరుకోకుండా ఆకురాయితో రుద్ది ఆమె చేతిలో పెట్టింది.

"ఎందుకక్కా ఇది?" అని ఆమె అడిగింది.

"కొలిమికి ఇత్తడి చాలు. పేరెందుకు?" అంది పెద్దత్త.

అప్పటి నుంచి అదే అలవాటైంది. కావాలన్నవాళ్ళకు పేరు కత్తిరించి ఇచ్చేది. వద్దన్నవాళ్ళకు కూడా ఒకసారి చదివి వినిపించి, అప్పుడు లోపల వేసేది.

తాత పోయాడు. నాన్న నడిపాడు, ఆయన తర్వాత తమ్ముడు. ఉలి పోయి కరెంటుతో పేర్లు రాసే చిన్న మిషను వచ్చింది. పెద్దత్త దాన్నీ నేర్చుకుంది గానీ, "ఇది రాయదు, గీకతాది," అని సణిగేది. ఎక్కడెక్కడి నుంచో సరుకు చవగ్గా దిగుతుంటే మా గిన్నెలు అడిగేవాళ్ళు తగ్గిపోయారు. పనివాళ్ళు ఒక్కొక్కరుగా శ్రీపెరుంబుదూరు ఫ్యాక్టరీలకు వెళ్ళిపోయారు. రెండేళ్ళ కింద తమ్ముడు ఆమె మంచం పక్కన కూర్చుని విషయం బయటపెట్టాడు. నేనూ అక్కడే ఉన్నాను.

"అత్తా, ఇంక నా చేత కాదు. స్థలం గోడౌనుకు అడగతా ఉండారు. ఇచ్చేస్తామా?"

ఆమె గొడవ చేస్తుందని ఇద్దరం భయపడ్డాం. ఆమె నోట్లో ఆకువక్క ఒక దవడ నుంచి ఇంకో దవడకు మార్చింది. "మూసేస్తే మూసెయ్యి. ఇదేమన్నా కోవెలా? అయితే ఇది ఏం చేసినాదో ఒకసారి కండ్లారా చూసి మూయి. చూడకుండా మూయొద్దు."

కనీసం పట్టర చరిత్రైనా రాసిపెడదామని నేను పాత కాగితాలు అడిగాను. వానకు తడిసినవి, చెదలు తిన్నవి తప్ప ఏమీ లేవు. "కాగితాలు పోతే పోనీ. పాత్రలుండాయి గదా ఇండ్లల్లో," అంది పెద్దత్త.

అలా ఆదివారాలు బయలుదేరాం, ఆమె, తమ్ముడు, నేను. తిరుత్తణిలో ఒక పాత కల్యాణ మండపం వంటింట్లో మా తాత చేసిన అండాలో ఇంకా సాంబారు కాగుతోంది. ఆరంబాక్కంలో ఒక ఇంటివాళ్ళు మా అండాలో వడ్లు ఉడకబెట్టుకుంటున్నారు. కళాయి లేకపోయినా దానికి చాలు అన్నారు. ఆ ఇంటి పెద్దామె పెద్దత్తను కూర్చోబెట్టి, తన పెండ్లి నాటి పేరు చూపించి, "దీంట్లో నా పేరు తప్పు పడినాది, తెలుసునా?" అంది. పెద్దత్త కండ్లద్దాలు సర్దుకుని చూసింది. "అవునే. దీర్ఘం పోయింది. ఇయ్యి, పెడతా," అని సంచిలోంచి ఉలి తీసి, అక్కడికక్కడే దీర్ఘం కొట్టి ఇచ్చింది. ఇద్దరూ నవ్వుతూనే ఉన్నారు.

చివరికి మణవాళనగర్ పోయాం. ఆ మరియమ్మ కూతురు ఇప్పుడు లేదు. ఆమె మనవరాలు తలుపు తీసింది. పాతికేళ్ళ పిల్ల, పాలిటెక్నిక్ చదివింది, పనిచేస్తున్న ఫ్యాక్టరీలో మనుషులను తగ్గిస్తే ఇంట్లో ఉంది. లోపల గోడకు ఏసు పటం, దాని కింద చిన్న మేకుకు ఆ ఇత్తడి ముక్క. రోజూ తోముతారేమో, బంగారంలా ఉంది.

"ఇది మీరా ఇచ్చినది?" అని ఆ పిల్ల ఆశ్చర్యపోయింది. "అవ్వ చెప్పేది. అయితే దీంట్లో ఏముండాదో మాకు తెలీదు. తమిళమైతే చదువుదుము. ఏదో పువ్వుల పని అనుకొన్న్యాం."

పెద్దత్త ముక్కను దించి, ఆ పిల్ల వేలు పట్టుకుని అక్షరాల మీద నడిపించింది. "ఇది మ. ఇది రి. ఇది య. ఇది మళ్ళీ మ. దాని కింద ఒత్తుండాదే, అది ఇంకో మ." ఆ పిల్ల మళ్ళీ తనే మొదటి నుంచి వేలు నడిపి, ముత్తవ్వ పేరు పైకి చదివింది.

టీ తాగుతుంటే ఆమే అంది: "ఆ బిందె ఇప్పుడుంటే నేనే వాడుకొందును. కళాయి పూసేవాళ్ళు లేరనే గదా అవ్వ ఇచ్చేసినాది. ఇప్పుడు మళ్ళీ అందరూ ఇత్తడి, ఇత్తడి అంటా ఉండారు. మా వీధిలోనే ఎన్నో ఇండ్లల్లో ఉండాయి. కళాయి పూసేవాళ్ళే యాడా లేరు."

తమ్ముడు గ్లాసు కింద పెట్టేశాడు.

తిరుగు బస్సు ఎక్కాం. నేను పెద్దత్తను అడిగాను, "అత్తా, నీ పెండ్లి బిందె యాడుండాది?"

"కరిగించేసినా. ఒకసారి ఇత్తడి రేకు దొరక్క పని ఆగిపొయినాది. అప్పుడు నాదే ముందు ఏసినా."

"పేరు కత్తిరించుకోలేదా?"

"ఎవురి చేతిలో పెట్టేదానికి?" ఆమె కిటికీ లోంచి బయటికి చూసింది. ఏడవలేదు. "ఎన్ని చెంబులైనాదో, యాడ నీళ్ళు మోస్తా ఉండాదో. ఉంటాదిలే."

అప్పుడు తమ్ముడు ఆమె వైపు తిరిగాడు. "అత్తా, కళాయి నీకొస్తాదా?"

"మీ తాత పూస్తా ఉంటే చూసినా. చేస్తే వొస్తాది."

వెంటనే రాలేదు. మొదట పూసినవి ఉండలు ఉండలుగా నిలిచాయి, ఇంకొకటి నల్లబడింది. మణవాళనగర్ పిల్ల చూడ్డానికని వచ్చి, నిప్పు ఎక్కువైందంటూ తనే గాలి తగ్గించింది. పెద్దత్త పక్కనుంచి తిట్టేది, ఆ పిల్ల తిరిగి వాదించేది, తమ్ముడు ఇద్దరి మధ్యా పట్టకారు పట్టుకుని నిలబడేవాడు. చివరికి ఒక కాగు లోపలంతా తెల్లగా వచ్చినరోజు ముగ్గురూ దాన్ని వీధి వాకిట్లో పెట్టి, వచ్చేపోయే వాళ్ళందరికీ చూపించారు. గోడౌను మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. షెడ్డులో సగం ఖాళీగానే ఉంది, నిజమే. మిగిలిన సగంలో కళాయి పని, పాత ఇత్తడి బాగుచేయడం, కొత్త అండాలు నడుస్తున్నాయి.

ఆఖరి నెలల్లో పెద్దత్తకు చూపు మందగించింది. ఉలి ఆ పిల్లకు ఇచ్చేసి, పక్కన కూర్చుని, కొట్టిన పేరు మీద బొటనవేలు రుద్ది తప్పులు చెప్పేది. ఇప్పుడు ఎక్కువమంది తమిళంలోనే కొట్టించుకుంటున్నారు. బాధగా లేదా అని అడిగితే, "అక్షరం ఏదైతే ఏంది, పిలిస్తే పలకల్ల," అంది.

కర్మలన్నీ అయిన మర్నాడు తమ్ముడు పట్టర తెరిచాడు. నేను సెలవు పెట్టి అక్కడే ఉన్నాను. తలుపులు తీసేసరికే ఆరంబాక్కం పెద్దామె కొడుకు వ్యాన్లో అండా దించుతున్నాడు. వడ్లు ఉడికి ఉడికి మాడి నల్లబడింది. ఇంట్లో పెండ్లి ఉందట, దాంట్లోనే పాయసం కాచాలని వాళ్ళమ్మ పట్టు పట్టిందట. మణవాళనగర్ పిల్ల చీర కొంగు దోపుకుని దాన్ని నిప్పు మీద పెట్టించింది. నవాసాగరం పొడి చల్లితే తెల్లటి పొగ లేచింది. తగరం తాకించి దూదితో రుద్దుకుంటూ పోయింది. నలుపు వెనక్కి జరిగి, తెలుపు అడుగు నుంచి అంచు దాకా పాకింది. చల్లారాక, కారుతుందేమో చూద్దామని అండా నిండా నీళ్ళు పోసి అందరం చుట్టూ నిలబడ్డాం. చుక్క కారలేదు. అంతలో కట్ట మీద అరక్కోణం లోకల్ పోయింది. నీళ్ళు అంచు దాకా సన్నగా వణికి, రేకుల కప్పు సందుల్లోంచి పడిన వెలుగును లోపలంతా చిందించి, రైలు దూరమయ్యేకొద్దీ మెల్లగా నిలిచాయి.