నల్ల ఆయిల్

"కింద తుప్పు మొదలైంది దీదీ. కోటింగ్ కొట్టేయమంటారా?" అన్నాడు సర్వీస్ సెంటర్ కుర్రాడు. తలూపాను. పక్క కారు కింద నుంచి పాత ఇంజన్ ఆయిల్ వాసన వచ్చి గొంతులోకి దిగింది.

నా చిన్నప్పుడు మేం దీవిలో, జంగ్లీఘాట్‌లో ఉండగా నాన్న మా కారుని షోరూమ్‌కి ఇచ్చేవాడు కాదు. "మన బండిని మనమే చూసుకోవాలమ్మా. ఉప్పుగాలి దీన్ని కింద నుంచి తినేస్తాది. ఇది పూశామంటే ఇంక ముట్టుకోదు," అంటూ ఇంజన్‌లోంచి తీసిన నల్లటి ఆయిల్‌ని కారు అడుగంతా బ్రష్‌తో పూసేవాడు.

ఆ ఏడాది అమ్మ మంచం పట్టింది. రోజురోజుకీ చిక్కిపోతోంది. అమ్మనీ ఉప్పుగాలే తినేస్తోందనుకున్నాను. ఒక మధ్యాహ్నం ఆమె నిద్రపోతుంటే ఆ నల్ల ఆయిల్ డబ్బా తెచ్చి పాదాలకి పూశాను.

నాన్న చూసి గుడ్డా కిరోసినూ తెచ్చాడు. మెలకువొచ్చిన అమ్మ కాళ్లు వెనక్కి లాక్కుంది.

"ఉండనియ్యండి. పిల్ల పూసింది కదా."

ఆ పాదాలతోనే చెన్నై ఆసుపత్రికని ఓడెక్కింది. తిరుగు ఓడలోంచి నాన్న ఒక్కడే దిగాడు.

ఆ తర్వాత ఆయన కారు కిందికి దూరలేదు. చిన్న చప్పుడొచ్చినా షోరూమ్‌కే ఇచ్చేసేవాడు. బద్ధకమనుకునేదాన్ని.