పగిలిన రొట్టె ఎవరిది

ఉట్నూర్ దారిలో జీపు చెడిపోతే, బాగయ్యేదాకా రోడ్డు పక్కనున్న ఇంట్లో కూర్చున్నాను. ఆ ఇంటి పెద్దావిడ పొయ్యి ముందు జొన్నరొట్టెలు చేస్తోంది. నేనూ ఒకటి చేస్తానని సరదాపడ్డాను. రెండు చేతిలోనే పగిలాయి. మూడోదీ చీలేసరికి విసుగొచ్చి పిండిముద్దను పళ్ళెంలోకి విసిరికొట్టాను.

"పిండేం జేసింది బిడ్డా? జర ఏడి నీళ్లు పోసి మల్ల పిసుకు," అని నవ్విందావిడ. నా ముక్కల్ని పెనం మీద కాల్చి తన గిన్నెలో వేసుకుంది.

"అవి మీరెందుకు తింటారమ్మా?"

"నేర్పినోల్లే పగిలింది తినాలె. మా అత్త గట్లనే నా ముక్కలన్ని తిన్నది. ఒక్కనాడు గూడ కసురుకోలే."

స్కూటీ నేర్చుకుంటూ గోడకు గుద్దిందని నేను అరిచాక, మా అమ్మాయి మళ్ళీ తాళంచెవి ముట్టలేదు. అది గుర్తొచ్చి, తల దించుకుని పిండి పిసికాను. నాలుగో రొట్టె అంచు చీలింది కానీ చేతిలో నిలిచింది.

ఇంటికొచ్చాక అమ్మాయిని బతిమాలి స్కూటీ నడపమన్నాను. వెనక నేను కూర్చున్నాను. మలుపులో ఇద్దరం ఇసుకలో పడ్డాం. తను భయంగా నా మొహంలోకి చూసింది. మోకాళ్ళు దులుపుకుని, "ఇంకోసారి పోనీయమ్మా," అన్నాను.