కైలాసం చేసిన ముసలమ్మ

పటాన్‌చెరులోని ఒక మందుల ఫ్యాక్టరీలో కైలాసం ఇరవై ఆరేళ్ళుగా ఫిట్టరు. గోలీలు కొట్టే మిషను ఎక్కడ మూలిగినా చప్పుడు విని రోగం చెప్పేస్తాడని అక్కడ ఆయనకు పేరు. ఆ పేరు ఎవరు పెట్టారో తెలియదు గానీ, ఎక్కువగా వాడేది మాత్రం కైలాసమే.

అందుకే ఒకనాడు కూతురు రచన ఫోనులో వీడియో చూపిస్తే ఆయనకు నవ్వొచ్చింది. ఎవరో ఒకతను ఇంట్లో కూర్చుని తయారుచేసిన గుడ్లగూబ బొమ్మ అది. తల తిప్పుతోంది, కళ్ళార్పుతోంది, ముక్కు తెరిచి అరుస్తోంది.

"ఎంత మంచిగ చేసిండో చూడు డాడీ" అంది రచన.

"ఇండ్ల ఏమున్నది బిడ్డా? నాలుగు మోటర్లు, పది బోల్టులు. ఒక ఆదివారం కూసుంటె అయిపోతది."

ఆ ఒక్క ఆదివారం పూర్తి కావడానికి పధ్నాలుగు నెలలు పట్టింది.

అమీన్‌పూర్‌లో ప్రియాంక అనే అమ్మాయి ఉండేది. ఇంజనీరింగ్ కాలేజీలో ల్యాబు చూసుకునేది. ఆదివారం పొద్దున తన ఇంటి కింద ఖాళీగా ఉన్న షట్టరు గదిలో, ఇలాంటి కదిలే బొమ్మల పిచ్చి పట్టినవాళ్ళను ఐదారుగురిని కూర్చోబెట్టుకుని నేర్పేది. వాళ్ళలో అందరికంటే పెద్దవాడు నాగయ్య. పటాన్‌చెరు బస్టాండు దగ్గర టైలరు. ఎందుకొచ్చావంటే, "బట్టల షాపుల ముంగట నిలవెట్టే బొమ్మలకు నలభై ఏండ్లు అంగీలు తొడిగిన. ఒక్కటన్న కదుల్తదేమోనని సూసిన, కదల్లె. ఇగ నేనే కదిలిద్దామని వచ్చిన" అనేవాడు.

కైలాసం మొదటిరోజు పానాల డబ్బా చంకన పెట్టుకుని వెళ్ళాడు. నేర్చుకోవడానికి కాదు, పిల్లలకు నాలుగు మాటలు చెప్పి వద్దామని. ప్రియాంక ఆయన చేతిలో అగ్గిపెట్టెంత మోటారు ఒకటి పెట్టింది.

"ఇదేంది? పిలగాండ్లు ఆడుకునేదా?"

"సర్వో మోటరు అంకుల్. ఎంత తిరగమంటె అంతే తిరిగి ఆగుతది. కనురెప్పకు ఇది చాలు."

కైలాసం దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. ప్లాస్టిక్కు పళ్ళు. మనసొప్పలేదు. ముత్తంగి దగ్గర పాత ఇనుప దుకాణంలో కారు అద్దం తుడిచే వైపరు మోటారు దొరికితే తెచ్చుకుని, మూడు వారాలు కష్టపడి స్టీలుతో ఒక కన్ను తయారుచేశాడు. కనుగుడ్డుకు పింగ్‌పాంగ్ బంతి, రెప్పకు రేకు. నాలుగో ఆదివారం అందర్నీ చుట్టూ నిలబెట్టి, గొంతు సవరించుకుని, స్విచ్ వేశాడు.

రెప్ప టప్పుమని పడింది. బంతి రెండు చెక్కలైంది. ఒక చెక్క ఎగిరి నాగయ్య ఒళ్ళో పడింది.

"రెప్ప వాల్చాలె అంకుల్, గుడ్డు పగలగొట్టొద్దు" అంది ప్రియాంక, నవ్వాపుకుంటూ.

నాగయ్య ఒళ్ళోని చెక్కను చూసుకున్నాడు. "నా జిందగీల నాకు ఇంత జోరుగ ఎవ్వలు కన్ను కొట్టలె కైలాసం."

ఆరోజు స్కూటరు మీద ఇంటికి వస్తుంటే కైలాసానికి మొదట కోపమొచ్చింది, తర్వాత సిగ్గేసింది, పటేల్‌గూడ మలుపు దగ్గరికి వచ్చేసరికి తనలో తానే పకపకా నవ్వాడు. ఇరవై ఆరేళ్ళూ తాను చూసిన మిషన్లన్నీ దంచేవీ, నొక్కేవీ, కోసేవీ. మెల్లగా వాలే పని ఒక్కదానికీ లేదు. అంత అనుభవమూ ఒక కనురెప్ప ముందు చేతులెత్తేసింది.

మరుసటి ఆదివారం పానాల డబ్బా ఇంట్లోనే వదిలి, రెండొందల పేజీల నోటుబుక్కు కొనుక్కుని వెళ్ళాడు. వైర్లు తిరగేసి కలిపి రెండుసార్లు పొగ తెప్పించాడు. ఒకసారి బొమ్మ మెడ గిర్రున వెనక్కి తిరిగి ఆయన్నే చూసింది. ఇంట్లో డైనింగు టేబులు మీద ఎప్పుడూ ఒక చేయో, ఒక చెవో పడి ఉండేది. భార్య కమల అన్నం పెట్టాలంటే ముందు వాటిని పక్కకు జరపాలి.

"ఆర్నెల్ల సంది మిక్సీ సప్పుడు జేస్తుంది. జెర దాని రోగమేందో చెప్పరాదు?" అని అడిగింది ఒకరోజు.

"చెప్త తియ్యి, టైము దొరకనియ్యి."

"బొమ్మ చెవులకు దొరుకుతది గని..." అని సగంలో ఆపేసి, చెవిని తీసి ఫ్రిజ్ మీద పెట్టింది.

ఇలా ఉండగా పటేల్‌గూడలో వాళ్ళ కాలనీవాళ్ళు పిల్లలకు కథల పండుగ చేయాలనుకున్నారు. ఆ సంగతి తెలిసి, కథ చెప్పే ముసలమ్మను చేద్దామంది ప్రియాంక. కరెంటు పని తనది. చర్మం, జుట్టు, చీర నాగయ్యవి. మెడ, దవడ కైలాసానివి. మరి ముఖం? ఎవరి ముఖం మీదనైనా ప్లాస్టరు పూసి, అచ్చు తీసి, అందులో సిలికాన్ పోయాలి. ఆ మాట అనగానే గదిలో అందరికీ ఏవో పనులు గుర్తొచ్చాయి.

"నేను కూసుంట. ముడతలు నాకేం తక్కువున్నయా?" అన్నాడు కైలాసం.

ప్లాస్టరు అంటుకోకుండా ముఖానికి వాజిలిన్ రాస్తుంటే మీసం దగ్గర ఆపేశాడు. "దానికెందుకు, అది గట్టిదే." తర్వాత ముక్కుల్లో రెండు గొట్టాలు పెట్టుకుని, నోరు మూసుకుని ఇరవై నిమిషాలు కదలకుండా పడుకున్నాడు. ఆయన అంతసేపు మాట్లాడకుండా ఉండటం తాను చూడలేదని నాగయ్య తర్వాత ఊరంతా చెప్పాడు. ప్లాస్టరు ఎండింది, లాగారు. ముఖం వచ్చింది, మీసం రాలేదు. మరోసారి లాగారు. ఈసారి కైలాసం కేక వచ్చింది. చివరికి కత్తెర వేయాల్సి వచ్చింది. కుడివైపు మీసం అచ్చులో ఉండిపోయింది. ఎడమవైపుది ఇంటికొచ్చి ఆయనే తీసేసుకున్నాడు.

ఆయన తల్లి కౌసల్యమ్మకు డెబ్బై ఎనిమిదేళ్ళు. వరండాలో కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. గుమ్మంలో కొడుకును చూసి చేతిలోని కాయ కింద పెట్టింది.

"నేనింక బతికే ఉన్న గదరా! అప్పుడే మీసమెందుకు తీసినవ్?"

మర్నాడు ఫ్యాక్టరీ గేటు దగ్గర, పదేళ్ళుగా రోజూ సలాం కొట్టే వాచ్‌మన్ ఆయన్ను ఆపి, "ఎవలు కావాలె సార్?" అని అడిగాడు.

నెల తర్వాత ముఖం తయారైంది. నాగయ్య దానికి నెరిసిన జుట్టు కుట్టి ముడి వేశాడు. ముక్కుపుల్ల పెట్టి, నుదుట రూపాయంత బొట్టు దిద్ది, పచ్చ అంచు నేత చీర కట్టాడు. కట్టి వెనక్కి జరిగి, బొమ్మను చూసి, కైలాసాన్ని చూసి, మళ్ళీ బొమ్మను చూశాడు.

"కైలాసం, మీ అమ్మ గద ఇది?"

కైలాసం దగ్గరికెళ్ళి చూశాడు. అవే దవడ ఎముకలు, అదే గడ్డం, కోపమొస్తే బిగుసుకునే అవే పెదాలు. యాభై ఏళ్ళు రోజూ అద్దంలో చూసుకున్నాడు గానీ, తన ముఖంలోంచి మీసం తీసేస్తే మిగిలేది అమ్మేనని ఆయనకు తెలియనే తెలియదు.

ఇక గొంతు కూడా ఆమెదే అయితే బాగుంటుందని ప్రియాంక, నాగయ్య బొమ్మను ఆటోలో వేసుకుని పటేల్‌గూడ వచ్చారు. కౌసల్యమ్మ దాని చుట్టూ ఒకసారి తిరిగింది.

"ఎవలే ఈ ముసల్ది? అచ్చం మా అత్త లెక్కున్నది. మొఖంల గదే గయ్యాళితనం."

"నాక్కూడ మా అత్త లెక్కనే కొడ్తుంది" అని కమల గబగబా వంటింట్లోకి వెళ్ళిపోయింది. లోపల గిన్నెలు చప్పుడయ్యాయి గానీ, వాటిని మించి నవ్వు వినబడింది.

కౌసల్యమ్మ కథ చెప్పింది, ప్రియాంక రికార్డు చేసుకుంది. అప్పుడు కైలాసం డ్యూటీలో ఉన్నాడు. ఏం కథ అని అడిగితే, "మంచిగ వచ్చింది అంకుల్, ఆరోజే వినండి" అంది. గొంతు వినబడితే దానికి తగ్గట్టు దవడ దానంతటదే ఆడేలా ఏర్పాటు చేసింది. దవడ మాత్రం తేలిగ్గా ఉండాలి, ప్లాస్టిక్కే వేయమని రెండుసార్లు చెప్పింది. కైలాసం రెండుసార్లూ సరేనన్నాడు. తర్వాత స్టీలుదే వేశాడు. ప్లాస్టిక్కు మీద ఆయనకు ఇంకా నమ్మకం కుదరలేదు.

కథల పండుగ ఆదివారం సాయంత్రం నాలుగింటికి. షామియానా కింద వందమంది పిల్లలు. ముందు వరసలో కుర్చీలో కౌసల్యమ్మ. ఆమె పక్కన కైలాసం వాళ్ళ షిఫ్టు ఇన్‌ఛార్జి. చూడటానికి రమ్మని కైలాసమే వారం రోజులు వెంటపడ్డాడు. బొమ్మ వీపున చేయి పట్టేంత తలుపు ఉంది. దాని వెనక పరదా చాటున కైలాసం స్క్రూడ్రైవరుతో కూర్చున్నాడు.

ముసలమ్మ మెల్లగా రెప్పలార్పింది. మెడ తిప్పి పిల్లల్ని చూసింది. "రాండ్రి బిడ్డా, కూసోండ్రి" అంది. పిల్లలు ఒక్కసారిగా ఊపిరి బిగబట్టారు. పరదా వెనక కైలాసం ఛాతీ ఇంతైంది.

"మా కైలాసం ఉన్నడు సూడు, వాడు ఏడేండ్ల పోరడప్పుడు..."

ఛాతీ దిగిపోయింది. అది ఏ కథో ఆయనకు తెలుసు. గుమ్మడిదల అవతల ఉన్న వాళ్ళ ఊళ్ళో ఆ కథ తెలియనివాళ్ళు లేరు. పటేల్‌గూడకు ఇల్లు మార్చినప్పుడు అది అక్కడే ఉండిపోయిందనుకున్నాడు.

"పీర్ల పండుగకు ఊల్లెకు పులివేషం వచ్చింది. డప్పు ఇనంగనే మావోడు మాయం! బాయిల సూసిండ్రు, చేన్లల్ల సూసిండ్రు, ఊరంత పరేషాన్. పొద్దూకినంక నేను వడ్లు తీద్దామని గుమ్మిల చెయ్యి వెట్టిన. వడ్లు రాలె, కాలు దొర్కింది!"

పిల్లలు పడిపడి నవ్వుతున్నారు. అదే క్షణాన కాలిన వాసన వచ్చింది. స్టీలు దవడను మోయలేక చిన్న మోటారు మాడిపోయింది. ముసలమ్మ నోరు తెరుచుకుని అలాగే ఉండిపోయింది. పొగ చూసి ప్రియాంక కరెంటు తీసేసింది. గొంతు కూడా ఆగిపోయింది.

"అయ్యో!" అన్నారు పిల్లలు.

కైలాసం స్క్రూడ్రైవరు కింద పెట్టేశాడు. పరువు దక్కిందా పోయిందా అన్నది కూడా తేల్చుకోలేకపోయాడు. కథ ఆగినందుకు సంతోషించాలి, బొమ్మ ఆగినందుకు ఏడవాలి. ఇంతలో ముందు వరస నుంచి మాట వినబడింది.

"గంతల్నే ఆపిండ్రేందే? అసల్ది ఇప్పుడే ఉన్నది!"

కౌసల్యమ్మ లేచింది. మైకు అందుకుని బొమ్మ పక్కన నిలబడి, ఆగిన చోటు నుంచే ఎత్తుకుంది. ఇద్దరు ముసలమ్మలు పక్కపక్కన, ఒకరు మాట్లాడుతూ, ఒకరు నోరు తెరుచుకుని.

కైలాసం ఇంకేం ఆలోచించలేదు. వెనక తలుపులోంచి చేయి లోపలికి దూర్చి దవడ పట్టుకున్నాడు. అమ్మ మాటకు తగ్గట్టు ఆడించడం మొదలుపెట్టాడు.

"పులివేషం కట్టింది ఎవలో కాదు, మా పక్క చేను పెద్దరాములే. పాపం, పోరడు జడుసుకున్నడని రంగు సగం కడుక్కోని ఉరికొచ్చిండు. 'నేనే రా కైలాసం, మీ రాములు మామను, సూడు' అని చెయ్యి సాపిండు. మావోడు గుమ్మిలకెల్లి మెడకాయ బయటికి వెట్టి..."

ఇక్కడ ఆమె ఆగుతుందని కైలాసానికి తెలుసు. దవడ మూశాడు. ఆమె ఆగింది. ఊపిరి తీసుకుంటుందని తెలుసు. కొంచెం తెరిచాడు. ఆమె ఊపిరి తీసుకుంది.

"...ఆ పులి బొటనేలు పట్టుకోని కసుక్కున కొరికిండు! పులి మొత్తుకుంటనే ఇంటికి ఉరికింది!"

షామియానా నవ్వులతో అదిరింది. చిన్న పిల్లలు ఒకరి వేలు ఒకరు కొరుక్కోవడం మొదలుపెట్టారు. పధ్నాలుగు నెలల్లో మాటకూ నోటికీ ఇంత చక్కగా కుదిరింది ఇదే మొదటిసారి. తన పరువును తన చేత్తోనే, మాట మాటకూ కొలిచినట్టు బొమ్మ నోరు తెరిచి మూసి, వందమందిలో తీసుకున్నాడు కైలాసం. చేయి లాగుతోంది, వేళ్ళకు రేకు గీసుకుంటోంది. అయినా ఆయనకు నవ్వు ఆగలేదు. పరదా ఊగిపోతుంటే వెనక ఎవరున్నారోనని ఒక పాప తొంగిచూసి, "బొమ్మలోపట తాత ఉన్నడు!" అని అరిచింది. ఇక దాచుకునేది ఏమీ మిగల్లేదు గనుక బయటికొచ్చి అందరికీ దండం పెట్టాడు.

షిఫ్టు ఇన్‌ఛార్జి దగ్గరికొచ్చాడు. చేయి కలపబోయి, చప్పున వెనక్కి తీసుకుని, "కరవవు గద?" అని అడిగాడు.

తర్వాతి ఆదివారం ప్రియాంక ప్లాస్టిక్కు దవడ ఇచ్చింది. కైలాసం మారుమాట లేకుండా తీసుకున్నాడు. ఆరోజు స్కూటరు వెనక కౌసల్యమ్మ కూడా వచ్చింది. బొమ్మకు తానే గొంతు గనుక దాని పని ఎలా నడుస్తోందో చూడాలంది. నాగయ్య కుర్చీ వేశాడు. కాసేపు బొమ్మ నోరు ఆడటం చూసి పెదవి విరిచింది.

"నేను గట్ల మాట్లాడ్తనా? కప్ప నోరు తెరిసినట్టుంది."

కైలాసం స్టూలు లాక్కుని అమ్మకు ఎదురుగా కూర్చున్నాడు. నోటుబుక్కు తెరిచాడు. ఆమె మాట్లాడేటప్పుడు కింది పెదవి కొంచెం ఎడమకు లాగుతుందని, పన్ను ఊడిన వైపు బుగ్గ లోపలికి పోతుందని అప్పుడు కనిపించింది.

"ఏం సూస్తున్నవ్‌రా గట్ల?"

"నువ్వు మాట్లాడమ్మా. నేను రాసుకుంట."

"ఏం మాట్లాడాలె?"

"ఏదన్న."

కౌసల్యమ్మకు మాటలకేం కరువు? పొద్దున కమల చేసిన పప్పులో ఉప్పెక్కువైన సంగతితో మొదలుపెట్టింది. కైలాసం ఆమె నోటి మీంచి చూపు తిప్పకుండా పెన్సిలు కదిపాడు.